పక్కింటి తలుపు తట్టిన నోము

ధనుర్మాసం వస్తే తిరుమలలో సుప్రభాతం ఆగి తిరుప్పావై మొదలవుతుంది. తెలుగునాట వైష్ణవాలయాల్లోనూ రోజుకో పాశురం చొప్పున నెలంతా ప్రవచనం సాగుతుంది. ఆ ముప్ఫై పాశురాల్లో పదింటిని, ఆరు నుంచి పదిహేను దాకా, గోదాదేవి ఒకే పనికి కేటాయించింది: నోము పట్టిన గోపికలు ఇంటింటికీ వెళ్లి తోటి పిల్లల్ని నిద్రలేపడం. ముందుగా మెలకువ వచ్చినవాళ్లు తిన్నగా స్వామి ముంగిటికి పోవచ్చు. పోలేదు. వెచ్చగా పడుకున్న పిల్లను బతిమాలారు, దెప్పారు, చలిలో గుమ్మం ముందే నిలబడ్డారు. చివరి పిల్లయితే లోపలి నుంచి ఎదురు జవాబులు చెప్పి, అందరూ వచ్చారా అని కూడా అడుగుతుంది. నువ్వే వచ్చి లెక్కపెట్టుకో అంటారు బయటివాళ్లు. ఈ గోపికలను ఆళ్వార్లకు ప్రతీకలుగా చెప్పే వ్యాఖ్యానం ఉంది. దాన్ని కాదనక్కర్లేదు. అయితే లోపలి అర్థం ఎంత లోతుదైనా పైకి కనబడే కథను తుడిచెయ్యదు. నోములో మూడోవంతు భాగం మరొకరిని కలుపుకోవడానికే పోయిందంటే, కలుపుకోవడం కూడా నోములో భాగమేనని నా వాదన.

రెండో పాశురంలో ఉన్న నియమాలు చూడండి. తెల్లవారకముందే స్నానం, నేతికీ పాలకూ దూరం, కాటుకా పూలూ లేవు, చేయరానిది చేయకూడదు, ఒకరి మీద చాడీలు చెప్పకూడదు, చేతనైనంత దానం చేయాలి. వీటిలో తెలియనిదేముంది? ఈ రోజుల్లోనూ అంతే. ఉప్పు తగ్గించాలని బీపీ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, అర్ధరాత్రి దాటాక ఫోన్ పక్కన పెట్టాలని ఇంటర్ పిల్లాడికీ తెలుసు. మంచి అలవాటు తెలియక ఆగిపోదు, నాలుగో రోజు పొద్దున ‘ఇవాళ్టికి వద్దులే’ అనిపించినప్పుడు ఆగిపోతుంది. అప్పుడు గుమ్మంలో ఎవరైనా ఉన్నారా లేదా అన్నదే తేడా. పట్టుదల మనిషి ఒంట్లోనే పుడుతుందని మనం అనుకుంటాం, పిల్లల్ని తిట్టేటప్పుడు మరీను. గోదాదేవి మాత్రం దాన్ని నలుగురిలో పంచిపెట్టింది.

ఈ మాటకు లోకంలో ఆధారాలు తక్కువేం లేవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీ పెద్దవాళ్లను తొమ్మిదేళ్లు గమనించి 1979లో ఒక అధ్యయనం వెలువరించారు. బంధాలూ స్నేహాలూ సంఘాలూ తక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువని తేలింది. పొగతాగడం, వ్యాయామం లాంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూస్తే, గట్టి సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని వచ్చింది. మన విషయానికి ఇంకా దగ్గరిది 2016లో వచ్చింది. అమెరికాలో 74 వేలమందికి పైగా నర్సులను పదహారేళ్లు గమనిస్తే, వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనకు వెళ్లేవారిలో, అసలు వెళ్లనివారితో పోలిస్తే మరణాలు 33 శాతం తక్కువ. ఆ తేడాకు కారణాలు వెతికినప్పుడు తోటివారి ఆసరా ముందు నిలిచింది, పొగతాగకపోవడం దాదాపు దాని సరసనే ఉంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. నడవగలిగినవాళ్లే గుడికి వెళతారు, మంచాన పడ్డవాళ్లు వెళ్లలేరు. ఆరోగ్యం వల్ల సాంగత్యమా, సాంగత్యం వల్ల ఆరోగ్యమా? న్యాయమైన ప్రశ్నే. నర్సుల అధ్యయనంలో ముందునుంచీ ఉన్న జబ్బులను లెక్కలోకి తీసుకున్నారు, అయినా తేడా మిగిలింది. అనుమానం పూర్తిగా తీరిందనను. పైగా వారిలో అత్యధికులు క్రైస్తవ స్త్రీలు, మన భజన మండళ్లకు ఆ అంకెలను అలాగే అతికించలేం. దేవుడు ఆయుష్షు పోస్తాడనడానికి ఇది రుజువూ కాదు. నలుగురితో కలిసి చేసే సాధన ఒంటికీ మేలు చేయవచ్చనడానికి మాత్రం చాలు.

ఇప్పుడు ఒంటరితనం ఎవరిది అని అడిగితే మనకు ముందుగా గుర్తొచ్చేది పిల్లలు విదేశాల్లో ఉన్న ముసలి దంపతులు. అది నిజమే, సగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సంఘం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. 13 నుంచి 29 ఏళ్ల వారిలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామన్నారు, వారిలోనూ టీనేజీ పిల్లలే ముందున్నారు. చుట్టూ హాస్టల్ నిండా జనం, చేతిలో ఫోన్, అయినా ఆ మాట. ఇటు నాలుగింటికే మెలకువ వచ్చి ఎవరితో మాట్లాడాలో తోచని తాతయ్య, అటు రెండింటి దాకా నిద్రపట్టని మనవడు. ఈ రెండు తరాలనూ కలిపే దారి తిరుప్పావైలోనే ఉంది. తొమ్మిదో పాశురంలో బయటి పిల్లలు లోపలున్న పెద్దావిడను ‘అత్తా’ అని పిలిచి, నీ కూతుర్ని నువ్వైనా లేపు, దానికి చెవుడా మూగా అని సరదాగా నిలదీస్తారు. నోము పడుచుపిల్లలది, కానీ పెద్దావిడకూ అందులో పని అప్పజెప్పారు. ఆవిణ్ణి జాలిగా పలకరించడం వేరు, ఆవిడతో అవసరం ఉందనడం వేరు. అమెరికాలో 423 జంటల వృద్ధులను ఐదేళ్లు గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఇతరులకు ఆసరా ఇచ్చినవారిలోనే మరణాలు తక్కువ. అందుకున్నందువల్ల అంత మేలు కనబడలేదు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అన్నీ అందించడమే సేవ అనుకునే ఇళ్లు ఈ మాట కాస్త ఆలోచించాలి.

ఆధ్యాత్మికత ఏకాంతంలో కదా పండేది అంటారు. గీత ఆరో అధ్యాయం యోగిని ఏకాకిగా ఉండమంటుంది, నిజమే. అదే అధ్యాయం తిండీ నిద్రా మితంగా ఉండాలనీ చెబుతుంది. పదో అధ్యాయానికి వచ్చేసరికి భక్తులు ఒకరికొకరు బోధించుకుంటూ ఆనందిస్తారంటుంది. కోరి కూర్చున్న ఏకాంతం వేరు, పిలిచేవారు లేక మిగిలిన ఒంటరితనం వేరు. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బరువైంది: గుంపులన్నీ మంచివి కావు. పొగ, మద్యం నేర్పేదీ స్నేహితులే. గుడి అరుగు మీద కూర్చున్న నలుగురు ఊరందరి కోడళ్ల మీదా తీర్పులిస్తుంటే ఆ సత్సంగంలోకి ఏ కోడలొస్తుంది? కులం చూసి, వైధవ్యం చూసి వెనక్కి నెట్టిన చోట ఆసరా మాట ఎత్తకపోవడమే మేలు. చాడీలు చెప్పకూడదన్న నియమాన్ని స్నానం, తిండి నియమాలతో కలిపే పెట్టడంలోని తెలివి నాకు ఇక్కడే కనిపిస్తుంది. నెయ్యి మానడం కన్నా అది కష్టమని వేరే చెప్పాలా!

ఇరవై ఏడో రోజున ఆ కఠినమైన నోము, మోచేతి దాకా నెయ్యి కారే పరమాన్నాన్ని అందరూ కూడి తినడంతో గట్టెక్కుతుంది. షుగరున్నవారు దొన్నెలో చెంచాడుతో సరిపెట్టుకుంటే స్వామేమీ అనుకోడు. అసలు చిక్కు భోగి తర్వాత వస్తుంది: నెలంతా చీకటితో లేచి పక్కపక్కన కూర్చున్నవారు ఎవరి దారిన వారు పోతారు. శనివారం ఒక్కపూట అదే గుడిలో, అదే బృందం కలవడానికి పంచాంగం అక్కర్లేదు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని పెద్దావిడ ఇంటికి ఆ పూట ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి, పాశురమో పద్యమో ఆవిడ దగ్గరే నేర్చుకుని, వీధి చివరి దాకా చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకురావచ్చు. వరసగా రెండు వారాలు ఎవరైనా కనబడకపోతే వెళ్లి తలుపు తట్టే బాధ్యత ఎవరిదో ముందే అనుకుంటే సరి.