ఇంత దూరం వచ్చాం కదా

తిరుపతి

రఘూ,

కార్తీకంలో బిడ్డల్ని, మీ అమ్మను తీసుకుని తలకోనకు పోతున్నారని మీ పెద్దమ్మ చెప్పింది. సంతోషం. లిఫ్టు ఎక్కడం తప్ప ఇంకో ఎక్కడం తెలియకుండా పెరుగుతున్నారు బిడ్డలు; ఒక పూటయినా బండరాళ్ల మీద కాళ్లు తడుముకుంటూ నడవనీ. దారి సంగతి నీ ఫోను చూసుకుంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరే.

అడవికి వచ్చిన సంసారుల చేత చేయరాని పనులు చేయించే మాట ఒకటుంది: ‘ఇంత దూరం వచ్చాం కదా.’ బెంగుళూరు నుంచి మదనపల్లె, పీలేరు దాటి భాకరాపేటలో మళ్లేసరికి నువ్వు దాదాపు 200 కిలోమీటర్లు కారు తోలి ఉంటావు. పెట్రోలు పోసి, సెలవు పెట్టి, బిడ్డలకు వారం రోజులుగా ఆశపెట్టి వచ్చినవాడికి జలపాతం తనకేదో బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలు. గేటు దగ్గర గార్డుతో వాదించేదీ అందుకే, ‘ఈరోజు దిగొద్దు సార్’ అన్నవాడి చేతిలో నోటు పెట్టేదీ అందుకే, మోకాళ్లు పట్టేసిన ముసలమ్మను పైదాకా లాక్కెళ్లేదీ అందుకే. నువ్వు అలాంటివాడివి కావు, నాకు తెలుసు. బుద్ధిమంతుల చేత కూడా చేయించడమే ఆ మాట గొప్పతనం.

తలకోన నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. ఎండాకాలంలో పోతే సన్నని ధార, చూస్తే జాలేస్తుంది. మన చిత్తూరు సీమకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు తెచ్చే వానే గట్టి వాన. అందుకని కార్తీకంలో కోన కళకళలాడుతుంది. ప్రమాదం ఉండేదీ అప్పుడే. నువ్వు నిలబడ్డ చోట ఎండ కాస్తుండొచ్చు, పైన శేషాచలం కొండల్లో రాత్రంతా కురిసి ఉండొచ్చు. తేటగా ఉన్న మడుగు మట్టిరంగుకు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ ఉన్నట్టుండి కొట్టుకొచ్చినా, ధార చప్పుడు బరువెక్కినా, బిడ్డల రెక్క పట్టుకుని గట్టుకు లాగు. ఆలోచన తర్వాత. పాచి పట్టిన బండ మీద పెద్దవాళ్ల కాలే నిలవదు. చిన్నదాన్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు, అది కూడా నీ చెయ్యి అందేంత దూరంలోనే. బండల మీంచి మడుగులోకి దూకే కుర్రకారు కనబడతారు. అడుగున రాళ్లు ఎక్కడున్నాయో వాళ్లకూ తెలియదు. వాళ్లను చూసి పెద్దోడు నీ మొహం వైపు చూస్తాడు. అప్పుడు నువ్వేం చేస్తావన్నది వాడు చాలా ఏళ్లు గుర్తుపెట్టుకుంటాడు.

నీళ్ల పోకడ బాగా లేదనుకో. గట్టున కూర్చుని, కాసేపు చూసి, వెనక్కి రండి. వాడు ఏడుస్తాడు. ఏడవనీ. తండ్రి తాను ఆశపడ్డది కూడా వదులుకోగలడని బిడ్డకు కళ్లారా తెలిసే సందర్భాలు ఎన్నో రావు. ఇంట్లో సోఫాలో కూర్చోబెట్టి చెబితే అది తలకెక్కదు.

అక్కడ దారి చూపేవాళ్లు ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ముందే డబ్బు మాట్లాడుకో, ఒప్పుకున్నంత ఇయ్యి, ఆపైన బేరమాడొద్దు. ‘ఏయ్ గైడూ’ అని కేకేయొద్దు. నువ్వు అన్నా అను, బిడ్డల చేత మామా అనిపించు. అతను ఒక చోట ఆగి వద్దంటే కారణం అడగకుండానే ఆగు. అన్నం డబ్బాలు విప్పేటప్పుడు అతనికి కూడా ఆకు వెయ్యి, మిగిలితే పెడదాంలే అనుకోవద్దు.

ఇక మీ అమ్మ సంగతి. ఆమె మోకాళ్ల నొప్పి నీకంటే నాకు బాగా తెలుసు, ఫోనులో నాకే చెబుతుంది. నీకు చెప్పదు, నీ సరదా చెడుతుందని. కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, అక్కడిదాకా ఇబ్బంది లేదు. ఆపైన మెట్లు, రాళ్లు. ‘నేను ఇక్కడే ఉంటా, మీరు పోయి రండి నాయనా’ అంటుంది, ఆ మాట పట్టుకుని ఆమె ఒళ్లో నాలుగు బ్యాగులు పెట్టి పోకండి. ఇలాంటి ప్రయాణాల్లో తల్లులు చాలామంది బ్యాగుల కాపలాదారులే. నువ్వు కాసేపు, కోడలు కాసేపు, వంతులేసుకుని ఆమె పక్కన కూర్చోండి. ఆమె నడవగలిగినంత మేరా ఆమె నడకే అందరి నడక. చిన్నతనంలో ఈ కొండల కింద చింతపండు కొట్టిన మనిషి, ఏ చెట్టు ఏదో బిడ్డలకు చెప్పగలదు. అడగండి.

ఇంకొకటి. మడుగు దగ్గర నువ్వు వీడియో తీస్తావు. నీ బిడ్డల వెనకాల తడిబట్టలతో ఉన్న పరాయి ఆడవాళ్లు కూడా అందులో పడతారు. అది చూసుకో. ఎవరైనా కావాలనే తీస్తుంటే గట్టిగా అడుగు, పెద్దోడు చూస్తుండగానే అడుగు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చాటు ఎక్కడుందో నీళ్లలో దిగకముందే కనుక్కోవడం మగవాడి పనే, కోడలికి వదిలేయకు.

1989 నుంచి ఈ అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం; 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో కూడా చేరింది. దారిలో గిల్లతీగ చూపించు. మనిషి తొడంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు పాకి ఉంటుంది. దాని కాయ మూరెడుకు రెండింతలు పొడుగు, గింజకూ గింజకూ మధ్య నొక్కు. వాగు పక్కన గింజ ఒకటి దొరికితే చిన్నదాని అరచేతిలో పెట్టు: గుండ్రంగా, బల్లపరుపుగా, ముదురు గోధుమరంగులో, పాలిష్ పెట్టిన కొయ్య బిళ్లలా ఉంటుంది. లోపల కాస్త ఖాళీ ఉండబట్టి నీళ్లలో తేలుతుంది, వాగు ఎక్కడ వదిలితే అక్కడ మొలుస్తుంది. చిన్నది తప్పకుండా ఇంటికి తీసుకుపోతానంటుంది, ఇంత దూరం వచ్చాం కదా అని ఈసారి అదే అంటుంది చూడు. దాని చేతే వాగులో వేయించు, ఎంతదూరం తేలిపోతుందో ఇద్దరూ పందెం కాసుకోండి.

కోతులకు ఏమీ పెట్టొద్దు. ఒకసారి రుచి చూపిస్తే తర్వాత వచ్చే బిడ్డల చేతిలోంచి లాక్కుంటాయి. ఎత్తు బండల కింద తేనెపట్లుంటాయి, రాయి విసరొద్దు, పొగ పెట్టొద్దు. సబ్బు, షాంపూ కారులోనే ఉంచు. చిత్రాన్నం, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి, తిన్న విస్తరాకులు కూడా తిరిగి తెచ్చేయండి.

మూడింటికల్లా కిందికి దిగడం మొదలుపెట్టాలి. కోనలో పొద్దు బయటికంటే ముందే వాలుతుంది. లోపల సిగ్నల్ అందదు, కాబట్టి పోయేముందు నాకొక ఫోను చెయ్యి, బయటికి వచ్చాక ఇంకొకటి. ఆ రాత్రే బెంగుళూరు పోవాలని తొందరపడకు. భాకరాపేట ఘాట్ నెమ్మదిగా దిగి మన ఇంటికి వచ్చేయండి. మీ పెద్దమ్మ రాగిసంగటి, నాటుకోడి పులుసు అనుకుంటోంది. కార్తీకం అని మీ అమ్మ తినకపోతే ఆమెకు వేరే చేస్తుందట. ఎంతమంది వస్తున్నారో ముందురోజు చెప్పు.

ఇట్లు
మీ పెదనాయన