భూమిపూజకు ముందు పాములకు దారి ఇద్దాం



ఈ వారం వీడియోలో ఆస్తీకుడి కథ చెప్పుకున్నాం కదా. జనమేజయుడి సర్పయాగాన్ని మాటతో ఆపిన పిల్లవాడు ఆయన. టైమ్ సరిపోక వీడియోలో ఒక ప్రశ్న వదిలేశాను. అసలు పాండవుల వంశానికీ తక్షకుడికీ పగ ఎక్కడ మొదలైంది? ఒక అడవి కాలిన రోజున. ఇవాళ అమరావతిలో ప్లాటు ఉన్న ప్రతి ఇంటికీ ఆ కథతో పని ఉంది. అందుకే విడిగా రాస్తున్నాను.

ఖాండవంలో ఏం జరిగింది?

ఇంద్రప్రస్థం కట్టడానికే ఖాండవ వనాన్ని తగలబెట్టారని చాలామంది అనుకుంటారు. భారతంలో వరుస అలా లేదు. నగరం ముందే కట్టారు. ఆ తర్వాత కృష్ణార్జునులు యమున ఒడ్డున ఉండగా అగ్నిదేవుడు బ్రాహ్మణ రూపంలో వచ్చి, ఆ అడవిని తనకు ఆహారంగా ఇప్పించమన్నాడు. మాట ఇచ్చారు. అడవి అంటుకుంది. రెండు వైపులా రెండు రథాలు నిలబడ్డాయి. ఏ ప్రాణికీ బయటికి దారి లేదు.

బతికి బయటపడింది ఆరుగురే. శరణు కోరిన మయుడు, తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు. తక్షకుడు ఆ రోజు కురుక్షేత్రంలో ఉన్నాడు. కొడుకును కాపాడుకోవాలని వాణ్ణి మింగి పైకి ఎగరబోయిన తల్లిపాము అర్జునుడి బాణానికి చనిపోయింది.

తర్వాత చూడండి. దారి దొరికిన మయుడు మయసభ కట్టి ఇచ్చాడు. తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి తల కోసం వచ్చాడు. కృష్ణుడు రథాన్ని కుంగదొక్కబట్టి కిరీటంతో పోయింది. అర్జునుడి మనవడు పరీక్షిత్తుకి శృంగి శాపం తగిలితే, కాటు వేయడానికి వచ్చింది తక్షకుడే. మునిమనవడు జనమేజయుడు లోకంలో పాము అనేదే లేకుండా చేస్తానని యాగం మొదలుపెట్టాడు.

భగవంతుణ్ణి తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన లీలకు లెక్క కట్టే శక్తి నాకు లేదు. కానీ వ్యాసుడు ఒక తల్లిపాము చావుని కూడా దాచలేదు. మనం చదవాలనే కదా అక్కడ ఉంచాడు?

ఖాళీ చేయమని అడగడం మన పద్ధతే

అయితే ఇళ్లు కట్టుకోవడం పాపమా? కాదు. పాండవులూ నగరం కట్టారు. ఎలా కట్టాలన్నదే ప్రశ్న.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో, ఇంద్రధ్వజం కోసం చెట్టు కొట్టే విధానం ఉంది. రాత్రిపూట చెట్టుకు పూజ చేయాలి. అందులో నివసించే భూతాలకు నమస్కరించి, ఈ నైవేద్యం స్వీకరించి వేరేచోట నివాసం చూసుకోండని వేడుకోవాలి. గొడ్డలి పట్టేది మర్నాడు తెల్లవారాకే. భూతం అంటే ఇక్కడ దయ్యం అనుకోకండి. పుట్టిన ప్రతి ప్రాణీ భూతమే. అందుకే భూతదయ అంటాం.

ఆఫీసులో ఒక పాత సర్వర్ ఆపాలన్నా ముందు దాన్ని వాడేవాళ్లందరికీ మెయిల్ పెడతాం, గడువిస్తాం, డేటా ఎక్కడికి మార్చుకోవాలో చెబుతాం. వరాహమిహిరుడు చెప్పిందీ అలాంటిదే. ముందు మాట, తర్వాత సమయం, ఆ తర్వాతే పని.

కానీ పాముకి మన మంత్రం అర్థం కాదు. నేల అదిరితే తెలుస్తుంది. తలదాచుకునే కంప ఒకవైపు పోతుంటే రెండోవైపు జరుగుతుంది. దానికి అర్థమయ్యే భాష అదే. మంత్రంలో అడిగినదాన్ని చేతల్లో కూడా చూపించాలి.

అమరావతి సంగతి

రాజధాని ప్రాంతం 217 చదరపు కిలోమీటర్లు. 2015 విజయదశమి నాడు ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత పనులు ఆగి, పొలాలన్నీ కంపతో నిండిపోయాయి. 2024 ఆగస్టులో ఆ కంప కొట్టడం మొదలైంది. 2025 మే 2న ప్రధాని పనులు పునఃప్రారంభించారు. మధ్యలో గడిచిన ఆ ఏళ్లలో మనం వెళ్లిపోయాం గానీ నేల ఖాళీగా లేదు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చితే అవే కలుగులు. ఎలుకలున్న చోట నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర ఉంటాయి. ఉడుములు, ముంగిసలు సరేసరి.

అదే రాజధాని పరిధిలో ఉండవల్లి గుహలో స్వామి పడుకున్నది అనంతుడి మీద. అమరావతి స్తూపం శిల్పాల్లో నాగులు స్తూపాన్ని చుట్టుకుని కాపలా కాస్తుంటాయి. ఈ నేల వాటికి కొత్త కాదు.

మా మావయ్య తుళ్లూరు దగ్గర పత్తి పండే పొలాన్ని పూలింగ్‌లో ఇచ్చాడు. వచ్చిన ప్లాటులో మనిషెత్తు కంప, మూలన ఒక పుట్ట. "జేసీబీని పిలిస్తే గంట పని అల్లుడూ, ముహూర్తం ఒక్కటీ నువ్వు చూసిపెట్టు" అన్నాడు. ఆ మూల మాత్రం కార్తీకం దాకా ఆపమన్నాను. "ఈలోపు అద్దె ఎవరు కడతారు?" అన్నాడు. న్యాయమైన మాటే. పదేళ్లు ఎదురుచూసిన మనిషి ఆయన. చివరికి, ముందు కూలీలతో కంప కొట్టించి పని మొదలుపెట్టడానికీ, పుట్ట జోలికి చవితి దాటాక వెళ్లడానికీ ఒప్పుకున్నాడు.

చవితి ఎందుకంటే, నాగుపాము ఏప్రిల్ నుంచి జులై మధ్య పుట్టల్లో, ఎలుక కలుగుల్లో గుడ్లు పెడుతుంది. అవి పిల్లలవడానికి సుమారు రెండు నెలలు. దీపావళి తర్వాత నాగుల చవితి వచ్చేసరికి పిల్లలు వెళ్లిపోయి ఉంటాయి. చవితికి పూజ చేసి, ఆ తర్వాత పని పెట్టుకుంటే అడిగినట్టూ ఉంటుంది, గడువు ఇచ్చినట్టూ ఉంటుంది.

మీ ప్లాటు శుభ్రం చేయించే ముందు

ఒకవైపు నుంచే మొదలుపెట్టండి. ఎదురువైపు గట్టు, వాగు, బీడు లాంటి చోటికి తెరిచి ఉంచండి. ఇళ్ల వైపు, కూలీల షెడ్ల వైపు మాత్రం తోలొద్దు. నాలుగు వైపులా ఒకేసారి యంత్రాలు దింపితే అది ఖాండవమే.

ముందు మోకాలెత్తు వరకు చేత్తో కొట్టించి, కొన్ని రోజులు ఆగి, అప్పుడు జేసీబీ పెట్టండి. చలికాలం అయితే ఎండెక్కాక మొదలుపెట్టండి. ఒళ్లు వెచ్చబడితేనే పాము కదలగలదు.

పాము కనబడితే మీరు పట్టొద్దు, చంపొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతుంది. అటవీశాఖకు ఫోన్ చేయండి. ఎక్కడో దూరపు అడవిలో వదిలితే పుణ్యం అనుకోకండి. అమెరికాలో ర్యాటిల్ స్నేక్‌లకు ట్రాన్స్‌మిటర్లు పెట్టి చూస్తే, కొత్త చోట వదిలినవి దారీతెన్నూ లేకుండా తిరిగి, ఎక్కువగా చనిపోయాయి. దగ్గర్లోకి తనంతట తాను జరగనివ్వడమే దానికి మేలు.

అన్నిటికన్నా ముందు మనుషులు. కంపలో మొదట చెయ్యి పెట్టేది కూలీ. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని అంచనా. బూట్లు, గ్లవ్స్, కర్ర మీ ఖర్చుతో కొనివ్వండి. కాటు పడితే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రగాడి దగ్గర టైమ్ పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కూలీ ప్రాణం గాల్లో పెట్టి చేసిన భూమిపూజ ఏ దేవుడికి అందుతుంది?

ఆస్తీకుడి తల్లి నాగకన్య, తండ్రి ఋషి. ఇద్దరి బాధా తెలిసినవాడు కాబట్టే ఆయన యాగాన్ని తిట్టలేదు, రాజును శపించలేదు. యాగాన్ని మెచ్చుకుని, వరమిస్తానంటే బంగారం అడగకుండా "ఇక ఆపు" అన్నాడు. ఆయన్ని తలుచుకున్నవాళ్లకు సర్పభయం ఉండదని నాగులే మాటిచ్చాయట. ఆ మాట మీద మనకి నమ్మకం ఉంటే, మన వైపు నుంచి కూడా వాటికి ఒక మాట ఇవ్వాలి కదా. ప్లాటులో ఒక వైపు తెరిచి ఉంచండి. అంతే.

సుబ్రహ్మణ్యస్వామి అనుగ్రహం మీ ఇంటికీ, మీ ఇంటి పునాది తీసేవాళ్లకీ, అక్కడ ఇన్నాళ్లూ ఉన్నవాటికీ కలగాలి. శుభం.