దుమ్ము, నూనె, బంగారు సంకెల

అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల పక్కన, రససిద్ధుల గుట్ట అని పిలిచే రాతికొండ మీద, నిలుచున్న తీర్థంకరుల మూర్తులు నేటికీ కనిపిస్తాయి. సమయసారం, ప్రవచనసారం వంటి ప్రాకృత గ్రంథాలు రచించిన దిగంబర జైనాచార్యుడు కుందకుందుని పేరు ఈ ఊరి పేరు నుంచే వచ్చిందని శాసన పరిశోధకుడు పి.బి. దేశాయి 1957లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆచార్యుని కాలం గురించి పండితుల లెక్కల మధ్య శతాబ్దాల ఎడం ఉంది.

వైదిక, జైన, బౌద్ధ మార్గాలు మూడూ కర్మను అంగీకరించినా, కర్మ అంటే ఏమిటన్న చోట విడిపోతాయి. బౌద్ధులకు అది ప్రధానంగా చేతన, అంటే సంకల్పం; గీత దృష్టిలో ఫలాసక్తి విడిచి చేసిన కర్మ బంధించదు; జైనులకు మాత్రం కర్మ పుద్గలం, అంటే జీవుడికి వచ్చి అంటుకునే సూక్ష్మ ద్రవ్యం. అది ఎందుకు అంటుకుంటుందో చెప్పడానికి సమయసారం ఒక దృష్టాంతం ఇస్తుంది: ఒంటికి నూనె పూసుకుని దుమ్ము నేలలో సాము చేసేవాడికి దుమ్ము అంటుకోవడానికి కారణం సాము కాదు, నూనె, ఆ నూనె రాగం, అంటే మమకారం. గాలి లేస్తే ఎర్రమట్టి కమ్మే ఈ సీమలో పుట్టిన పోలిక అది అనుకోవడానికి మనసు లొంగుతుంది గాని, దుమ్ము ఏ దేశంలో లేదు?

వాన రాని ఏడు ఇక్కడి రైతు నోట వచ్చే మాట ‘మా ఖర్మ’. సిద్ధాంతం ‘కర్మ’, నిట్టూర్పు ‘ఖర్మ’. తెలుగు నాలుక ఈ రెంటినీ ఒత్తుతోనే వేరు చేసింది. పడమటి కనుమల చాటున, తూర్పు సముద్రానికి దూరంగా ఉండడం వల్ల ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానకే పరిమితమైన పీఠభూమికి, నూనె దృష్టాంతం ఏ నేరాన్నీ అంటగట్టదు. అది మబ్బు ఎందుకు రాలేదో చెప్పదు, రానప్పుడు మనిషికి ఏది అంటుకుంటుందో మాత్రమే అడుగుతుంది. ఎదుటివాడి కరువుకు అతని పూర్వజన్మను సాక్ష్యానికి పిలవడం శాస్త్రం కాదు, శాస్త్రం పేరిట నిర్దయ.

ఈ నేల మీద వైదిక సంప్రదాయం మరో దారి కూడా చూపింది. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాలలో, అంటే మనిషి వెనుక మిగిలే ఏడింటిలో, కొడుకుతో సమానంగా లెక్కించింది. విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు 1364లో పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని, కట్ట చివర్లలో బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే ఊళ్లు వెలిశాయని గెజిటీర్లు చెబుతాయి. అయితే పుణ్యం కోరి కట్టిన చెరువును కుందకుందుడు ఎలా చూస్తాడు? ఇనుప సంకెల ఎలా బంధిస్తుందో బంగారు సంకెలా అలాగే బంధిస్తుందని, పాపం మొదటిదైతే పుణ్యం రెండోదని ఆయన మాట. ఇది నిశ్చయ నయం, అంటే పరమార్థ దృష్టి. దాని పక్కనే లోకరీతికి చెందిన వ్యవహార నయాన్నీ ఆయన నిలిపాడు, పరభాష వాడికి అతని భాషలో తప్ప బోధించలేనట్లే, వ్యవహారం లేకుండా పరమార్థాన్ని చెప్పలేమన్నాడు. మడికి నీళ్లు కట్టుకునే ఆయకట్టు రైతుకు ధర్మం అందింది ఈ రెండో భాషలోనే.