దానమా, బాకీయా?

ఒక ముస్లిం నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అతనికి అది సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఈ సంగతి మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఇతరులు నాటి కాపాడుతున్న చెట్టు వల్ల మేలు పొందేవాని మాటేమిటి? అతనిపై ఏ హక్కూ లేదా?

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళితే కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతంలో మడ అడవులు కనిపిస్తాయి. ఇది ఒకప్పటి గుంటూరు జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. ఉప్పునీటి బురదలో పెరిగే ఈ చెట్ల వేర్లు పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు ఆ వేర్ల మధ్యే తలదాచుకొని పెరుగుతాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచినటువంటి ఉప్పెనను మడ పూర్తిగా ఆపలేదు గాని, అల బలాన్ని తగ్గిస్తుంది.

ఈ అడవి చాలాచోట్ల పలచబడినప్పుడు అందరూ వేలెత్తి చూపింది కట్టెలు కొట్టుకునే బీదవాళ్ళనే. వాళ్ళు కొట్టలేదని కాదు. కాని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు తమిళనాడులోని పిచ్చవరంలో పరిశీలిస్తే మరో సంగతి బయటపడింది. పూర్వం ప్రభుత్వమే అక్కడి అడవిని భాగాలుగా విడదీసి నరికించింది. నీడ పోయి, ఎండకు నేల కుంగింది. పల్లమైన చోట చేరిన పోటునీరు తిరిగి పోలేక అక్కడే ఎండి, ఉప్పు పేరుకుంది. ఇక విత్తనం మొలవలేదు. మన తీరంలో 1990లలో రొయ్యల చెరువులు తవ్వించినవారు కూడా నెత్తిన కట్టెలమోపు మోసేవారు కారు. విచారణ లేకుండా బలహీనునిపై నింద వేయడం మనకు ఎంత సులువో!

1990ల చివర్లో ఆ సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో పని మొదలుపెట్టారు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు ఉప్పును కడుక్కొని వెళ్ళిపోతుంది. ఆ కాలువల వెంట మొక్కలు నాటారు. నాటడం ఒక్కరోజు పని. తర్వాత ఏళ్ళ తరబడి గొడ్డలిని, గేదెను దూరంగా ఉంచాలి. పొయ్యిలోకి కట్టె లేని ఇల్లు పక్కనే అడవి పెట్టుకొని చెయ్యి ముడుచుకోవడం చిన్న త్యాగం కాదు.

మిరప, పత్తి పండించే మెట్ట ప్రాంతం వాళ్ళం మనం. సముద్రం మనకు దూరం. కాని బజారులో రొయ్యలు కొంటాం. మన పొలం నీరు నల్లమడ గుండానో, గుండ్లకమ్మ గుండానో సముద్రానికే చేరుతుంది. పురుగుమందు కొట్టిన పంపును మనలో ఎందరు కాలువలో కడగడం లేదు? ఖాళీ డబ్బా గట్టు మీదే ఉంటుంది. వాన రాగానే అదీ కాలువలోకే.

మదీనాలో ఖర్జూర తోటల కాలువ విషయమై హజ్రత్ జుబైర్ (రజి)కు, ఒక అన్సారీకి తగవు వచ్చింది. తోట తడుపుకొన్నాక నీటిని పొరుగువానికి వదలమని దైవప్రవక్త (స) ఎగువనున్న జుబైర్‌తో చెప్పారు. అంటే ఎగువవానికి హక్కు ఉంది, దిగువవాని హక్కు కూడా దానితోపాటే ఉంది. నీళ్ళు వదలడమే బాధ్యత అయినప్పుడు, విషం కలపకుండా వదలడం బాధ్యత కాకుండా పోతుందా?

అందుకే తీరంవారి శ్రమకు మనం ఏమైనా ఇస్తే దాన్ని సదఖా అనడానికి నాకు మనసొప్పదు. మొక్క నాటినవారిది సదఖా. మనది బాకీ. అప్పు ఉన్నవాడు ముందు అప్పు తీర్చాలని, ఆ తర్వాతే ఐచ్ఛిక దానమని ధర్మవేత్తలు చెబుతారు. బోరు వేయించడానికి, మస్జిదు గోడకు ఉదారంగా ఇచ్చే మన జమాఅతులు ఈ లెక్కను ఎప్పుడైనా తీశాయా?

ఆ చేపముల్లు కాలువలు ఒకసారి తవ్వితే సరిపోయేవి కావు. ప్రతి పోటుకూ ఒండ్రు చేరుతుంది, కొన్నాళ్ళకు కాలువ పూడిపోతుంది. నీరు మళ్ళీ నిలుస్తుంది, ఉప్పు మళ్ళీ పేరుతుంది. పూడిక తీయడానికి నడుములోతు బురదలోకి పార పట్టుకొని దిగాల్సింది ఆ ఊరివాళ్ళే. ఆ రోజు కూలీ ఎవరివ్వాలి?