వార్ధక్య ఋణము

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని వైదిక వాఙ్మయము చెప్పుచున్నది. యజ్ఞముచేత దేవఋణమును, అధ్యయనముచేత ఋషిఋణమును, సంతానముచేత పితృఋణమును తీర్చుకొనవలెను. వీనిలో మూడవదాని స్వభావము నన్ను చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది. ఏలయన, తండ్రియొద్ద పుచ్చుకొన్నదానిని తండ్రికే ముట్టజెప్పి చేతులు కడుగుకొనుటకు ఇందు వీలులేదు. ఆయన యిచ్చిన జన్మమును, అన్నమును, విద్యను మనము మన బిడ్డలకిచ్చి మాత్రమే ఋణవిముక్తులమగుదుము. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, చెల్లింపు పొందువాడు ఇంకను పుట్టనివాడు. అంగడిలో నడచు ఏ బేరమునందును కానరాని యీ లక్షణము మతవిశ్వాసమునకే చెందినదని పలువురు తలతురు. కాని 1958లో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడుగా నున్న పాల్ శామ్యూల్‌సన్ అను అర్థశాస్త్రజ్ఞుడు, వడ్డీని గూర్చి వ్రాసిన గణితభూయిష్ఠమైన వ్యాసమొకదానిలో దాదాపు ఇట్టి ఆకృతి గల ఋణమునే నిరూపించెను.

వస్తువులేవియు నిలువ యుండని లోకమునొకదానిని భావింపుడు. వయసులోనున్నవాడు పాటుపడి పండించును; ముసలివాడు పండింపలేడు; నేడు పండినది రేపటికి చెడిపోవును గనుక ముసలితనమునకై దాచుకొనుట పొసగదు. పోనీ, మిగులును ఎవరికైన అప్పిత్తమన్న, సమవయస్కుడు తనతోపాటే ముసలివాడగును. తనకంటె పెద్దవాడు తిరిగి యిచ్చునాటికి బ్రదికియుండడు. ఇయ్యగలవాడు ఇంకను పుట్టలేదు. కావున ఏ యిద్దఱి నడుమను బేరము కుదురదు. కుదురగలది యొక్కటే: వయసువారందఱు వృద్ధులనందఱిని పోషింతురనియు, వారు వృద్ధులైననాడు నేడు పుట్టనివారు వారిని పోషింతురనియు, సమాజము తనతో తాను తరతరములకును చేసికొను ఒడంబడిక. పితృఋణమున ప్రవాహము దిగువకు పోవును, ఇందు ఎగువకు పోవును, అంతియే భేదము.

ఇది కల్పనాలోకపు ముచ్చట, మనకు బ్యాంకులు, భూములు, షేర్లు గలవు గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని కొంచెము లోతునకు దిగి చూచినచో ఆ ఆక్షేపము నిలువదు. ధనము గాదెలో పోసిన ధాన్యము వంటిది కాదు. ఎనుబదియేండ్ల వృద్ధుడు నేడు తినుచున్న అన్నము ఈ యేడో నిరుడో ఎవరో పండించినది. అతని మంచము ప్రక్క నిలిచి మందు పోయుచున్న చేయి నేడు పనిచేయుచున్న చేయి. అతడు నలువదియేండ్లు కూడబెట్టినది అన్నమును గాదు, శుశ్రూషను గాదు. పరుల భావిశ్రమలో కొంత తనకు రావలసియున్నదను అధికారపత్రమును మాత్రమే. ఆ పరులు లేకున్నను, ఉండియు ఆ పత్రమును మన్నింపకున్నను, అది వట్టి కాగితము. కనుక ధనికుడైన వృద్ధుడును, దరిద్రుడైన వృద్ధుడును పరాధీనతయందు సములే. ఒకని పరాధీనతను ఆస్తి మఱుగుపఱచినది, వేఱొకనిది బయటపడి యున్నది. నేనెవరి సొమ్మును తినుటలేదను గర్వమునకు ఆధారమెంత స్వల్పమో ఈ విచారమువలన నాకు బోధపడినంత స్పష్టముగా ఏ వైరాగ్యప్రకరణమువలనను బోధపడలేదు.

ఈ యొడంబడికను అమెరికాలో శాసనముగా మలచిన పనిలో విశ్వవిద్యాలయముల చేయి పెద్దది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జాన్ ఆర్. కామన్స్ అను ఆచార్యుడు కార్మికుల బ్రతుకును పరిశోధించుటయు, దానిని బాగుచేయు చట్టములను రచించుటయు ఒక్క పనియేయని శిష్యులకు నేర్పెను. ఆ శిష్యులలోనివాడైన ఎడ్విన్ విటీ, 1934లో రూజ్‌వెల్టు అధ్యక్షుడు ఏర్పఱచిన ఆర్థిక భద్రతా సంఘమునకు కార్యనిర్వాహకుడయ్యెను. కార్మికశాఖకు మంత్రియైన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ దానికి అధ్యక్షురాలు. బర్క్‌లీ నుండి బార్బరా ఆర్మ్‌స్ట్రాంగ్, ప్రిన్‌స్టన్ నుండి డగ్లస్ బ్రౌన్ వచ్చి వృద్ధాప్యపు బీమా భాగమున పనిచేసిరి. వృద్ధునకిచ్చునది భిక్షగా నుండరాదు, పనిచేసిన కాలమున అతడు తన జీతమునుండి చెల్లించినదానివలన సంక్రమించిన హక్కుగా నుండవలెను అనునది వారి పట్టుదల. దరిద్రుడనని నిరూపించుకొన్నగాని ముద్ద దొరకని వ్యవస్థలో దాతకు పుణ్యము రావచ్చును గాని, గ్రహీతకు మాత్రము తలవంపు తప్పదు. 1935 ఆగస్టు 14న ఈ వృద్ధాప్యపు బీమాను నెలకొల్పిన చట్టముపై రూజ్‌వెల్టు సంతకము చేసెను.

ఆ చట్టము క్రింద నెలసరి పింఛనును మొట్టమొదట అందుకొన్న వ్యక్తి వెర్మాంటు రాష్ట్రమున లడ్లో అను చిన్న యూరిలో న్యాయవాదులకడ గుమాస్తాగా పనిచేసిన ఐడా మే ఫుల్లర్. 1939 నవంబరులో ఆమె ఏదో పనిమీద రట్లండ్ పట్టణమునకు పోయి, అచ్చటి కార్యాలయమునందు తనకేమైన వచ్చునేమో అడిగి చూతమని లోపలికి వెళ్ళినదట. 1940 జనవరి 31వ తేదీతో ఆమె పేర వెలువడిన చెక్కు మొత్తము 22 డాలర్ల 54 సెంట్లు. అంతకు మున్ను మూడేండ్లలో ఆమె చెల్లించిన పన్ను అంతయు కలిపి 24 డాలర్ల 75 సెంట్లు. ఆమె నూఱేండ్లు బ్రదికి 1975లో మరణించునాటికి పొందినది 22,888 డాలర్ల 92 సెంట్లు. అర్హతకు మించి పుచ్చుకొన్నదని లెక్క మాత్రమే యెఱిగినవారు చెప్పుదురు. కాని శృంఖలలో మొదటి కడియమునకు వెనుక మఱియొక కడియముండదు. మొదటితరము వృద్ధులు ఎల్లప్పుడును చెల్లించినదానికంటె నెక్కువయే పొందుదురు. అంతకంటె నన్ను కదలించునది వేఱొకటి. ఆమె అవివాహిత, సంతానములేనిది. ముప్పదియైదేండ్లపాటు ఆమెకు నెలనెల అన్నము పెట్టినది, తామెవరికి పెట్టుచున్నారో యెఱుగని లక్షలకొలది శ్రామికులు. కొడుకు లేనివారికి ఊర్ధ్వలోకములు లేవను మాటకు, ఇహలోకమునకు సంబంధించినంతవఱకైన, ఇంతకంటె గంభీరమైన సమాధానమును నేనెఱుగను.

ఆ అజ్ఞాతపుత్రులలో మనవారును గలరు. అమెరికాలో తాత్కాలిక వీసాలపై పనిచేయు తెలుగు ఇంజనీర్ల జీతములనుండియు నూటికి 6.2 వంతున ఈ పన్ను విఱుగుచునే యున్నది. పింఛనుకు అర్హత కలుగవలెనన్న సుమారు పదేండ్ల చెల్లింపు ఉండవలెను. రెండు దేశములందలి సేవాకాలములను కలిపి లెక్కించు ఒప్పందము భారతదేశమునకును అమెరికాకును నడుమ లేదు గనుక, అంతకుమున్నే ఇంటికి మఱలివచ్చినవానికి దక్కునది శూన్యము. తన తలిదండ్రులు గుంటూరులోనో కరీంనగరులోనో ముసలివారగుచుండగా, పరదేశపు వృద్ధులను పోషించి వచ్చిన యా యువకుడు ఎవరి ఋణమును తీర్చినట్లు? ఇది దానమని తృప్తిపడుమని అతనికి చెప్పుట అన్యాయము. ఋణమని యెంచి తీసికొన్నవారు దానిని ఋణముగనే లెక్కింపవలెను.

1935 నాటి ఒడంబడిక నిర్దుష్టమైనది కాదు. పొలములలో కూలిచేయువారిని, ఇండ్లలో పాచిపనిచేయువారిని అది వెలుపల నుంచెను. ఆ వృత్తులలో నల్లజాతివారు, అందులో స్త్రీలు మిక్కుటము. 1950లోను, 1954లోను జరిగిన సవరణలవలన గాని వారిలో అధికసంఖ్యాకులకు ప్రవేశము దొరకలేదు. ఈ మాట వ్రాయునపుడు మన యాశ్రమధర్మమును తలపకుండుట నిజాయితీ కాదు. తల నెఱసి, మనుమని మొగము చూచినపిమ్మట భారమును దింపుకొని, జీవితపు చివరిభాగమును ఆత్మచింతనకు వినియోగించుకొనుమని వానప్రస్థము విధించుచున్నది. పనికి ఆవల కూడ మనుష్యునకు మనుష్యత్వము గలదని గుర్తించిన మహోదారమైన భావన యది. ఐనను దాని నెవరికి విధించితిమి? జీవితాంతము నాగలి పట్టినవానికిని, చాకిరేవున నడుము వంచినదానికిని ఏ స్మృతికారుడైన విశ్రాంత్యాశ్రమమునొకదానిని కేటాయించెనా? విశ్రాంతి పుణ్యాత్ముల కర్హమనియు, శ్రమ శ్రామికుని స్వభావమనియు తలచిన పొరపాటు రెండు ఖండములందును ఒక్కటియే.

ఇచ్చట బలమైన ప్రతిపక్షమొకటి గలదు. ఎవరు చేసికొన్నది వారనుభవింపవలెను. వయసున పొదుపుచేసినవాడు ముసలితనమున సుఖించును, చేయనివాడు చింతించును. ఇందు అన్యాయమేమున్నదని కర్మసిద్ధాంతమును నమ్మినవాడును అడుగును, విపణిని నమ్మినవాడును అడుగును. అమెరికాలో 1978 నాటి పన్నుల చట్టములోని 401(కె) అను ఉపవిభాగము ఈ భావమునకు క్రమముగా ఆస్థానమయ్యెను. యజమాని వాగ్దానము చేసిన జీవితాంత పింఛనుకు బదులు, ఎవరి ఖాతా వారిది, ఎవరి లాభనష్టములు వారివి. మనదేశమున కేంద్రప్రభుత్వము 2004 జనవరి 1 నుండియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండియు కొత్త ఉద్యోగుల విషయమున ఇదే త్రోవ తొక్కినవి. మన ఉపాధ్యాయులు సీపీఎస్ అని పిలుచుచు, రద్దుచేయుడని వీథులలో నినదించినది దీనినిగూర్చియే.

న్యూయార్కులోని న్యూ స్కూల్‌లో ఆచార్యురాలైన టెరెసా గిలార్డుచ్చి చిరకాలముగా ఈ ప్రతిపక్షమునకు బదులు చెప్పుచున్నది. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులలో దాదాపు సగముమందికి ఏ సమయమునందు చూచినను తాము పనిచేయుచోట పదవీవిరమణ పథకమే లేదు. అద్దెయు, వైద్యమును, పిల్లల చదువును పోగా మిగులని జీతమునుండి దాచలేదని నిందించుట, ఎండిన చెఱువున నీరు తోడలేదని నిందించుటయే. కర్మసిద్ధాంతమును శ్రద్ధతో చదివినవాడు ఈ వాదమునకు దానిని సాక్షిగా పిలువజాలడు; కర్మ తన దుఃఖమునకు కారణము వెదకుకొనుటకు చెప్పబడినది గాని, పొరుగువాని దుఃఖమునుండి తన చేయి వెనుకకు తీసికొనుటకు చెప్పబడినది కాదు.

పొదుపు లేనిచో ఇంకను కొన్నియేండ్లు పనిచేయవచ్చునుగదా యని కొందఱు సులువైన యుపాయము చెప్పుదురు. అందఱును ఎక్కువకాలము బ్రదుకుచున్నారు గనుక పింఛను వయస్సును పెంచుట సహజమే యని వారి తర్కము. 1983లో అమెరికా చట్టసభ ఈ తర్కముననుసరించియే పూర్తి పింఛను వయస్సును 65 నుండి క్రమముగా 67కు జరిపినది. ఈ ‘అందఱును’ అనుమాటలో దాగిన అసత్యమును బయటపెట్టుట అర్థశాస్త్రజ్ఞులు ధర్మవిచారమునకు చేసిన మహోపకారము. రాజ్ చెట్టియు, అతని సహచరులును పన్నుల రికార్డులను మరణముల రికార్డులతో జతపఱచి 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఆదాయమున అగ్రస్థానముననున్న నూటికొక్క వంతు పురుషులకును, అట్టడుగుననున్న నూటికొక్క వంతు పురుషులకును ఆయుర్దాయమున 14.6 సంవత్సరముల భేదము కానవచ్చెను. స్త్రీలలో ఆ భేదము 10.1 సంవత్సరములు. సగటు ఆయుర్దాయమను సంఖ్య ఈ రెండు బ్రతుకులను కలిపి, నడుమ ఎవరును బ్రదుకని బ్రతుకునొకదానిని సృష్టించుచున్నది. రెండేండ్లు పింఛను వెనుకకు జరిగినచో దీర్ఘాయుష్మంతునకు ఇరువదియైదేండ్ల విశ్రాంతిలో రెండేండ్లు తగ్గును. ఇటుకలు మోసినవానికి ఐదారేండ్లలో రెండేండ్లు తగ్గును. అల్పాదాయులకు జీతముతో పోల్చినచో ఎక్కువ పాలు వచ్చునట్లు పింఛను లెక్క కట్టబడినమాట నిజమే. ఐనను ముందుగా వచ్చు మృత్యువు ఆ మేలులో కొంతభాగమును తిరిగి తీసికొనుచున్నది.

శాస్త్రము ఉన్నదానిని చెప్పవలెను గాని ఉండవలసినదానిని చెప్పరాదని, అంకెలకు ధర్మాధర్మములతో పనిలేదని కొందఱు పండితులు గిరి గీయుదురు. దీనికి ఉత్తమమైన సమాధానము ఆ శాస్త్రములోనుండియే వచ్చినది. ఆంథొనీ అట్కిన్‌సన్ అను బ్రిటిష్ అర్థశాస్త్రజ్ఞుడు 1970లో అసమానతను కొలుచు విధానమునుగూర్చి వ్రాయుచు, ఏ కొలమానమును నిష్పక్షపాతము కాదని చూపెను. పేదవాని చేత నుండి జారిన రూపాయి ధనికుని చేత నుండి జారిన రూపాయి కంటె ఎన్నిరెట్లు బరువైనదని మనము తలతుమో, ఆ తీర్పు మనము ఎన్నుకొన్న సూత్రములోనే యిమిడియున్నది. చెప్పక దాచినవాడు తీర్పు చేయనివాడు కాడు, తీర్పును వెల్లడింపనివాడు. అట్కిన్‌సన్ ఆ బరువును సూత్రములో నొక సంకేతముగా నిలిపి, ఎవరి మనస్సాక్షి యెంతయని చెప్పునో దానిని బహిరంగముగా అచ్చట వేయుడనెను. మనస్సాక్షికి సమీకరణములో నొక స్థానము కేటాయించిన యీ పనిని నేను తత్త్వవిచారముగనే గౌరవింతును.

అమెరికాలో వృద్ధాప్యపు నిధిలోని నిలువ 2033 నాటికి అయిపోవునని దాని ధర్మకర్తలు 2025లో అంచనా వేసిరి. నాటినుండి వచ్చు పన్ను వాగ్దానము చేసిన పింఛనులో సుమారు నాలుగింట మూడువంతులకు మించి కొంచెము మాత్రమే చాలును. పూడ్చుటకు రెండు త్రోవలు తఱచుగా చర్చింపబడుచున్నవి. వయస్సును మఱల పెంచుట యొకటి. పన్ను పరిమితిని ఎత్తివేయుట రెండవది: 2025లో 1,76,100 డాలర్లకు మించిన జీతముపై ఈ పన్ను లేకుండెను గనుక, ఏటికి పదిలక్షల డాలర్ల జీతము గలవాడు ఆ యేట మార్చి మొదటివారమునకే తన వంతు ముగించుకొనెను, అతని కార్యాలయమును ఊడ్చునామె డిసెంబరు చివరిదినము వఱకును చెల్లించెను. పరిమితిని తొలగించినంతమాత్రమున లోటు సర్వమును తీరదు. శేషమునకై అందఱిపైనను పన్ను రేటు కొంత పెంచవలసివచ్చును, అది నేటి యువకులకు భారమే. ఐనను మొదటి త్రోవ ఆయుర్దాయము తక్కువైనవానినుండి సంవత్సరములను తీసికొనుచున్నది, రెండవది ఆదాయము ఎక్కువైనవానినుండి డాలర్లను తీసికొనుచున్నది. పోయిన డాలరు మఱల రావచ్చును గనుక నేను రెండవదానినే ధర్మ్యమని యెంచుచున్నాను. 2033 లోపల ఆ దేశపు చట్టసభ ఏదియో యొకటి తేల్చక తప్పదు.