రంగం ఓడల రేవు

1907 మే 31న కాకినాడలో కృష్ణారావు అనే కుర్రాడు ‘వందేమాతరం’ అని అరిచాడు. అది విన్న జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ వాణ్ణి పట్టుకుని ఒళ్ళు తెలియకుండా పడిపోయేట్టు కొట్టాడు. అంతకుముందు నెలలోనే జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి గోదావరి జిల్లాను ఊపి వెళ్ళాడు. పిల్లాడు చచ్చిపోయాడన్న పుకారు పుట్టింది. ఊరు భగ్గుమంది. జనం యూరోపియన్ క్లబ్బు మీద పడి చేతికందినదల్లా విరగ్గొట్టారు. తర్వాత కేసులు నడిచాయి.

ఈ సంగతి స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లోకి ఎక్కింది. ఎక్కవలసిందే. కాని కాకినాడ వీధుల్లో నడిచేటప్పుడు నా మనసు ఆ క్లబ్బు దగ్గర ఆగదు. జగన్నాథపురం వంతెన దగ్గర ఉప్పుటేరు గట్టు పట్టుకుని పాత పోర్టు వైపు పోతుంది. జాతి పేరుతో మనవాళ్ళ మీద జరిగిన ఇంతకంటే ఎంతో పెద్ద ఘోరానికి దారి అక్కడే మొదలైంది. నెత్తురు పారింది మాత్రం సముద్రం అవతల.

గట్టున ఇప్పుడు చేపల పడవలు, ఆరేసిన వలలు, డీజిల్ వాసన. ఒడ్డున లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. మనుషుల్నీ సరుకునీ నావల మీద అక్కడికి చేర్చేవారు. అలా నావ ఎక్కినవాళ్ళలో రంగం వెళ్ళే కూలీలు ఎందరో. రంగూన్‌ని మన పల్లెల్లో రంగం అనే అన్నారు. కాకినాడకు ముందు కోరంగి పెద్ద రేవు. 1789లోనూ 1839లోనూ విరుచుకుపడ్డ ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి, మేట వేసి మొగ పూడింది, వ్యాపారం కాకినాడకు మళ్ళింది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీని ‘కొరంగీ’ అనేవారు. అందులో గౌరవం లేదు.

ఇంత పచ్చటి డెల్టాలోంచి జనం ఎందుకు పోయారన్నది నన్ను వదలని ప్రశ్న. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే ఏడు ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ను పట్టుకున్నారు. ఇక్కడ గోదావరి నీళ్ళు కాలవలకెక్కాయి, అక్కడ ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి వేశారు. ఇక్కడి నీళ్ళు భూమి ఉన్నవాడి చేలోకి పారాయి. భూమి లేనివాడికి పాలేరుతనమే మిగిలింది. కూలీలను చేర్చే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేసరికి ఓడ ఎక్కాడు. ఆ అప్పు తీరేదాకా వాడి రెక్కలు మేస్త్రీవే. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ఉంటుంది. ఆయన్ని తలుచుకోవడం తప్పు కాదు. ఆనకట్ట కట్టాక కూడా కూటికోసం సముద్రం దాటినవాళ్ళను ఒక్కసారైనా తలుచుకోకపోవడం తప్పు.

1930 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేది ఎక్కువగా తెలుగువాళ్ళు. ఆ మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కాంట్రాక్టర్లు బర్మా కూలీలను తెచ్చి పని సాగించారు. సమ్మె తెగి తెలుగువాళ్ళకు కాస్త కూలి పెరిగింది. మే 26న వాళ్ళు పనిలోకి వచ్చారు. అదే పొద్దున పనికి వచ్చిన బర్మావాళ్ళను ఇక అక్కర్లేదు పొమ్మన్నారు. మాటా మాటా పెరిగి రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. బర్మావాళ్ళు కత్తులు, ఇనప కడ్డీలు పట్టుకుని కనబడ్డ కొరంగీనల్లా వెతికి కొట్టారు. కొన్నాళ్ళపాటు వేలమంది ఇళ్ళు వదిలి ప్రాణాలు దక్కించుకోవడానికి చెల్లాచెదురయ్యారు. చచ్చిపోయినవాళ్ళు ఎందరన్నదాని మీద లెక్కలు కలవవు. ఎలా చూసినా వందకు పైమాటే. అప్పట్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ అనే బ్రిటిష్ ప్రభుత్వ అధికారి తర్వాత ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ పుస్తకంలో ఆ రోజుల గురించి రాశాడు.

చంపినవాడూ పేదవాడే, వాడి దేశమూ తెల్లవాడి కిందే ఉంది. ఈ మాట నేరాన్ని తేలిక చెయ్యడానికి అనడం లేదు. కత్తి ఎత్తినవాడు కత్తి ఎత్తినట్టే. కాని ఒక్క మూట కోసం ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకణ్ణి పిలిచి, ఇంకొకణ్ణి పొమ్మన్నవాళ్ళ ఒంటిమీద గీత కూడా పడలేదు. కెంప్ దెబ్బలో కొట్టిన చెయ్యి కళ్ళకు కనబడింది, జనానికి వెళ్ళి పడడానికి ఒక క్లబ్బు దొరికింది. రంగూన్ రేవులో ఆ చెయ్యి కనబడలేదు.

మనం మరిచిపోవడానికి కారణమూ అక్కడే ఉందనుకుంటాను. బడికెళ్ళే కుర్రాడి మీద దొర చెయ్యి చేసుకోవడం ఉద్యమ కథలో చక్కగా ఇముడుతుంది. బర్మావాడి చేతిలో చచ్చిన కూలివాడు ఏ కథలో ఇముడుతాడు? వాడి తరఫున రాసేవాళ్ళు లేరు, చదువుకున్న బంధువులు లేరు, శవమైనా ఇంటికి రాలేదు. తాళ్ళరేవు, కోరంగి పరిసరాల్లో ఏ ఇంటి ఇల్లాలు ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఎవరు లెక్క రాశారు? ఆ తర్వాత 1942లో జపాన్‌వాళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనక్కి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. ఆ ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. నడిచి వచ్చినవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. బర్మా నుంచి వచ్చినవాళ్ళ గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేట పేరైనా మిగిలింది.

పాత పోర్టు గట్టున ఒక రాయి నిలబెట్టమని కాకినాడ నగరపాలక సంస్థను అడుగుతున్నాను. దాని మీద తెలుగులో నాలుగు ముక్కలు చాలు: ఇక్కణ్ణుంచి కూలికి రంగం వెళ్ళినవాళ్ళు 1930 మేలో తెలుగువాళ్ళయినందుకు చంపబడ్డారు అని. మీ ఇంట్లో రంగం వెళ్ళి తిరిగిరాని తాతో ముత్తాతో ఉంటే, ఆ పేరూ ఊరూ తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి. 2030 మే 26కి నూరేళ్ళు నిండుతాయి.