ముఖం గుర్తుపట్టకపోతే గర్వమేనా?

ఆదివారం ఆరాధన అయ్యాక తరచూ వినబడే మాట ఒకటుంది: "ఎదురుపడినా పలకరించలేదండీ, గర్వం ఎక్కువైంది." అది నిజంగా గర్వమేనా?

ముఖాన్ని గుర్తుపట్టడం మనం అనుకుని చేసే పని కాదు. మెదడు అడుగుభాగంలో, వెనుక వైపుగా, ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే చిన్న ప్రాంతం ఉంది. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌తో దీన్ని చూపించింది. ఇది రెండు వైపులా ఉన్నా చాలామందిలో కుడివైపుదే పైచేయి. కుడి భాగం కళ్ళు, ముక్కు, నోరు కలిసిన అమరికను ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఎడమ భాగం మీసం, పుట్టుమచ్చ లాంటి విడి గుర్తుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. పేరు అందించడంలోనూ ఎడమ భాగానిదే పెద్ద పాత్ర. ముఖం తెలిసీ పేరు నోటికి రాకపోవడం మనందరికీ అనుభవమే కదా.

కుడివైపు ఆ ప్రాంతం దెబ్బతింటే కొందరు కన్నబిడ్డల ముఖాన్ని కూడా పోల్చుకోలేరు. గొంతు వినగానే మాత్రం గుర్తుపడతారు. 1947లో యోఅకిమ్ బోడమర్ అనే జర్మన్ వైద్యుడు దీనికి ప్రొసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. కొందరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. నరాల వైద్యుడు, రచయిత ఆలివర్ సాక్స్‌కు జీవితమంతా ఈ ఇబ్బంది ఉండేది. అలాంటివారు మన సంఘంలోనూ ఉండవచ్చు. వారిని గర్విష్ఠులనడం తొందరపడి తీర్పు తీర్చడమే.

మగ్దలేనే మరియ సమాధి దగ్గర ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. ఆయన పేరుపెట్టి పిలిచాకే ఎవరో తెలిసింది. ఆమెకు నేను ఏ జబ్బూ అంటగట్టడం లేదు. కానీ ఆయన ఆమెను గద్దించలేదు, పిలిచాడు.

అయితే మెదడు మీద అంతా తోసేయలేం. చిన్నప్పటి నుంచి చూసిన జాతి ముఖాలనే మనం తేలిగ్గా వేరుచేయగలం. ఇక్కడి ఆఫీసుల్లో ఒక తెలుగువాడిని ఇంకో తెలుగువాడి పేరుతో పిలుస్తారు, మనకు చిన్నతనంగా ఉంటుంది. మరి మనకు హాలు అద్దెకిచ్చే కొరియన్ సంఘంలో ఎంతమంది ముఖాలు మనకు విడివిడిగా తెలుసు? కలిసి మెలిసి ఉంటే ఈ తేడా తగ్గుతుంది. మొదటిసారి పొరబడితే అది కంటి అలవాటు. ఏళ్ళ తరబడి ఒకే పార్కింగ్ వాడుకుంటూ ఇంకా పొరబడుతుంటే, అది మనసుకు సంబంధించినదని నా అభిప్రాయం.

వాళ్ళ ఆరాధన పన్నెండున్నరకు ముగుస్తుంది. మనది ఒంటిగంటకు మొదలవుతుంది. మధ్యలో అరగంట ఉంది, వంటగదిలో టీ కూడా ఉంటుంది.